స్త్రీల కర్కటవ్రణములు – రక్తపరీక్షలలోని సూచికలు

పదవీ విరమణ చేసి చాలా సంవత్సరములు గడచినా, కాగితములు పట్టుకొని మా ఇంటికి వచ్చే వారు తగ్గలేదు. వెనుకటి రోజులలో ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చేవారు. ఇప్పుడు సెల్‌ఫోనులో రక్తపరీక్షల ఫలితములు చూపుతున్నారు. ఈ మధ్య వాటిలో తఱచు కనిపిస్తున్నది ‘సి.ఏ. 125’ అనే పరీక్ష. ఏ బాధా లేని ఒక గృహిణి, స్త్రీల ఆరోగ్య ప్యాకేజీ అన్న ప్రకటన చూచి రక్తము ఇస్తుంది. ఫలితము 41 అని వస్తుంది. ప్రక్కన ఎఱ్ఱ అక్షరములలో ‘హెచ్చు’ అని ఉంటుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మరొక ఆమె, ముట్లుడిగి ఆరేళ్ళయిన తరువాత రక్తము కనిపించగా అదే పరీక్ష చేయించుకొని, ‘పన్నెండే ఉన్నదండీ, ఇక భయం లేనట్లే కదా?’ అని అడుగుతుంది.

మొదటి ఆమెది అనవసరపు భయము. రెండవ ఆమెది అనవసరపు ధైర్యము. ఈ రెండవది మరింత ప్రమాదకరము. రెండింటికీ మూలము ఒకటే. ఏ ప్రశ్నకు సమాధానము కోరి ఆ పరీక్ష చేయించుకున్నామో వారికి తెలియదు. స్త్రీల జననేంద్రియములలో వచ్చే కర్కటవ్రణములకు (కాన్సరులకు) ఏ సూచిక ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో మీకు వివరించుటకే ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

సి.ఏ. 125 అంటే ఏమిటి?

కొన్ని కర్కటవ్రణముల కణములు కొన్ని మాంసకృత్తులను (ప్రోటీనులను) రక్తములోనికి విడుదల చేస్తాయి. వాటిని కొలిచి వ్యాధి జాడ తెలుసుకోవచ్చును. ఇటువంటి పదార్థములనే ట్యూమర్ మార్కర్లు, అంటే కణితి సూచికలు అంటారు. 1981లో అమెరికాలోని బోస్టను నగరములో రాబర్ట్ బాస్ట్, ఆయన సహచరులు అండాశయ కర్కటవ్రణ కణములను గుర్తించగల ప్రతిరక్షకముల కోసము వెదకుతూ, వరుసలో 125వ దానితో సఫలులయ్యారు. పేరులోని 125 ఆ వరుస సంఖ్యయే. అది ఉండవలసిన పరిమాణమనుకొని కంగారుపడేవారు ఉన్నారు కనుక ఈ సంగతి చెబుతున్నాను. ఆరోగ్యవంతులలో సాధారణముగా ఇది మిల్లీలీటరు రక్తరసములో 35 యూనిట్ల లోపు ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయము ఉన్నది. ఈ పదార్థము కర్కటవ్రణ కణముల సొత్తు కాదు. ఉదరకుహరమును కప్పే పొర, ఊపిరితిత్తులను, గుండెను కప్పే పొరలు, గర్భాశయపు లోపొర, అండవాహికలు — వీటి కణములన్నీ దీనిని తయారు చేస్తాయి. ఆ పొరలలో దేనికి ఒరపిడి కలిగినా, తాపము కలిగినా రక్తములో దీని పరిమాణము పెరుగుతుంది. ముట్టు రోజులలో పెరుగుతుంది. గర్భము తొలి మాసములలో పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపొర వంటి కణజాలము బయట పెరుగుట), గర్భాశయములో ఫైబ్రాయిడు గడ్డలు, కటిభాగములో సూక్ష్మజీవుల వలన తాపము, కాలేయ వ్యాధితో కడుపులో నీరు చేరుట, హృదయ వైఫల్యము — వీటన్నిటిలో పెరుగవచ్చును. ఏ వ్యాధీ లేని స్త్రీలలో కూడా నూటికి సుమారు ఒకరికి 35 దాటి ఉంటుంది.

మరొక వైపు చూడండి. అండాశయ కర్కటవ్రణము అండాశయమునకే పరిమితమై, శస్త్రచికిత్సతో నయము కాగల మొదటి దశలో ఉన్నపుడు సుమారు సగము మందిలో ఈ సూచిక పెరుగనే పెరుగదు. పట్టుకోవలసిన సమయములో సగము మందిని వదిలివేసే పరీక్ష ఇది.

క్షయ వ్యాధి వేసే మారువేషము

మన దేశములో దీనికి ఇంకొక చిక్కు ఉన్నది. అది క్షయ. పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు నేను చూచిన ఒక రోగిని గూర్చి చెబుతాను. ఆమెకు ముప్పది రెండేళ్ళు. వ్యవసాయ కూలీ. ఇద్దరు చిన్న పిల్లలు. రెండు నెలలుగా కడుపు ఉబ్బి, ఒళ్ళు చిక్కిపోయింది. పట్నములో స్కానింగు చేసి కడుపులో నీరు, అండాశయముల చెంత దళసరి కణజాలము ఉన్నాయన్నారు. సి.ఏ. 125 విలువ 684. కాన్సరు ముదిరిపోయిందని ఇంటివారికి చెప్పి పంపారు. భర్త నా వద్దకు వచ్చి, ‘ఎకరం బేరం పెట్టేశానండీ బాబూ, ఆ డబ్బు సరిపోద్దంటారా?’ అని అడిగాడు.

ఆమెకు సాయంత్రము పూట సన్నని జ్వరము ఉండేదని అడిగితే తెలిసింది. పొట్ట నుండి తీసిన నీరు గడ్డిరంగులో ఉన్నది. అందులో లింఫు కణములు హెచ్చుగా ఉన్నాయి, కర్కటవ్రణ కణములు లేవు. కడుపులోనికి చిన్న గొట్టము పంపి చూస్తే పొర నిండా కొఱ్ఱగింజలంత తెల్లని బుడిపెలు. వాటి నుండి ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడింది. కడుపు మామూలయింది. చివర చేసిన పరీక్షలో సి.ఏ. 125 విలువ 18. ఆ ఎకరము వారికి మిగిలింది. అంతకన్న ముఖ్యముగా, ఆమె అండాశయములు ఆమెకు మిగిలాయి.

ఉదరకుహర క్షయలో ఈ సూచిక వందలలోనికి, ఒక్కొక్కపుడు వేయి దాటి కూడా పోవచ్చును. అందుచేత విలువ ఎంత పెద్దదయినా, కణపరీక్ష లేకుండా కర్కటవ్రణమని తీర్మానించకూడదు.

అందరికీ ముందుగా చేస్తే మేలు కలుగదా?

‘ఏటేటా అందరికీ ఈ పరీక్ష చేస్తే కొందరినైనా కాపాడవచ్చును కదా’ అని మీరు అనవచ్చును. సహేతుకమైన ప్రశ్నే. దీనికి సమాధానము కోసము ఎంతో శ్రమించారు. అమెరికాలో 55 నుండి 74 ఏళ్ళ మధ్య వయస్సున్న 78 వేల మందికి పైగా స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు ఏటేటా సి.ఏ. 125 పరీక్ష, యోని ద్వారా స్కానింగు చేశారు. 2011లో ఫలితములు వెలువడ్డాయి. అండాశయ కర్కటవ్రణము వలన మరణములు పరీక్షలు చేసిన వర్గములో తగ్గలేదు. వ్యాధి లేకయే ఉన్నట్లు చూపిన వారు 3,285 మంది. వారిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగింది. వారిలో 163 మందికి తీవ్రమైన ఉపద్రవములు కలిగాయి. వారందరూ ఏ వ్యాధీ లేక ఇంట్లో తిరుగుతున్న స్త్రీలు.

బ్రిటనులో రెండు లక్షలకు పైగా స్త్రీలపై, విలువ ఏటేటా మారే తీరును లెక్కగట్టే మెరుగైన పద్ధతితో మరొక పరిశోధన చేశారు. కొన్ని వ్యాధులను కొంచెము ముందు దశలో కనిపెట్టగలిగినా, దాని వలన మరణములు తగ్గలేదని 2021లో ప్రకటించారు.

లెక్క వేసి చూస్తే ఇది అర్థమవుతుంది. ఏ బాధా లేని 2,500 మంది స్త్రీలలో ఒక్కరికి ఈ వ్యాధి ఉన్నదనుకుందాము. నూటికి ఒకరి చొప్పున వారిలో పాతిక మందికి వ్యాధి లేకుండానే 35 దాటుతుంది. ఒక్కరి కోసము పాతిక మందిని కత్తి అంచుకు తీసుకొని వెళ్ళాలి. ఆ ఒక్కరైనా తొలి దశలో దొరుకుతారన్న హామీ లేదు.

సరియైన ప్రశ్న వేస్తే

ఇంత చెప్పిన తరువాత ఆ పరీక్ష ఎందుకూ కొఱగాదనుకోవద్దు. లక్షణములు ఉన్న స్త్రీలో, స్కానింగులో గడ్డ కనిపించిన స్త్రీలో, దాని విలువ వేరు. 1990లో బ్రిటను వైద్యులు ఒక సులభమైన గుణకారము సూచించారు. స్కానింగులో అనుమానాస్పద లక్షణములు లేకపోతే 0, ఒకటి ఉంటే 1, రెండు గాని అంతకు మించి గాని ఉంటే 3. ముట్లు వస్తూ ఉంటే 1, ఉడిగి ఉంటే 3. ఈ రెండు అంకెలను సి.ఏ. 125 విలువతో గుణించాలి. ఫలితము 200 దాటితే కర్కటవ్రణ శస్త్రచికిత్సలో అనుభవము గల నిపుణుల వద్దకు పంపాలి.

ఇద్దరు స్త్రీలను తీసుకుందాము. ఇద్దరికీ సి.ఏ. 125 విలువ 120. ఒకామెకు 28 ఏళ్ళు, ముట్టు సమయములో తీవ్రమైన నొప్పి, స్కానింగులో ఒకే అనుమానము. ఆమె లెక్క 120. రెండవ ఆమెకు 58 ఏళ్ళు, రెండు వైపులా గడ్డలు, కడుపులో నీరు. ఆమె లెక్క 1,080. రక్తములోని సంఖ్య ఒకటే అయినా దారులు వేరయ్యాయి. హెచ్.ఇ.4 అనే మరొక సూచిక ఎండోమెట్రియోసిస్‌లో అంతగా పెరుగదు కనుక ఇటువంటి సందేహములలో తోడ్పడుతుంది. అయితే మూత్రపిండముల పని మందగించిన వారిలో అదీ పెరుగుతుంది.

బాలికలలో, యువతులలో అండాశయములలో వచ్చే బీజకణ కర్కటవ్రణములు వేరు జాతివి. వాటికి సి.ఏ. 125పై ఆధారపడి లాభము లేదు. ఆల్ఫా ఫీటోప్రోటీను, బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అనే పరీక్షలు చేయాలి. పదహారేళ్ళ పిల్లకు కడుపులో గట్టి గడ్డ ఉన్నదంటే శస్త్రచికిత్సకు ముందే ఈ మూడింటికీ రక్తము తీయాలి. ఇవి మందులకు బాగా లొంగే వ్యాధులు. చాలా మందిలో రెండవ అండాశయమును, గర్భాశయమును కాపాడవచ్చును.

చికిత్స సాగుతున్నపుడు

అండాశయ కర్కటవ్రణమని కణపరీక్షలో నిర్ధారణ అయి, చికిత్సకు ముందు సి.ఏ. 125 హెచ్చుగా ఉన్న వారిలో ఆ సూచిక మంచి తోడు. మందులు పనిచేస్తూ ఉంటే విలువ తగ్గుతూ వస్తుంది. అయితే కడుపు కోసిన తరువాత కొన్ని వారములు శస్త్రచికిత్స వలననే కొంత పెరుగవచ్చును. ఆ సమయములో చేసిన ఒక్క పరీక్షను చూచి బెంగపడకండి. వరుసగా వచ్చే విలువల నడకను చూడాలి.

చికిత్స ముగిసిన తరువాత మాటేమిటి? ఇక్కడ ఒక పరిశోధన మన ఊహకు భిన్నమైన పాఠము చెప్పింది. బ్రిటనులోను, ఐరోపాలోను 529 మంది స్త్రీలపై చేసిన ఆ పరిశోధన ఫలితములు 2010లో వచ్చాయి. వ్యాధి అణగియున్న స్థితిలో సి.ఏ. 125 పెరుగగానే కొందరికి మళ్ళీ మందులు మొదలుపెట్టారు. మిగిలిన వారికి లక్షణములు కనిపించే దాకా ఆగారు. ముందుగా మొదలుపెట్టిన వారు ఎక్కువ కాలము జీవించలేదు. వారు మందుల బాధలను మాత్రము ముందుగా అనుభవించారు. ఆ తరువాత కొత్త మందులు వచ్చాయి, కొందరికి రెండవ శస్త్రచికిత్స మేలు చేస్తుందనీ తెలిసింది. కనుక ఈ పరీక్షను ఎన్నాళ్ళకొకసారి చేయించాలో, అసలు చేయించాలో లేదో, రోగి తన వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. నెల నెలా వచ్చే ఆ కాగితము కోసము గుండెలు చిక్కబట్టుకొని బ్రతికే స్త్రీలను నేను చూచాను. ఆ భారము మోయడము, మోయకపోవడము వారి ఇష్టము.

సూచికను నమ్మి గెలిచిన వ్యాధి

సూచికలన్నిటిలోకి నమ్మదగినది ఏదని అడిగితే బీటా హెచ్.సి.జి. అంటాను. గర్భము ఉన్నదో లేదో చెప్పేది ఇదే. ఫలదీకరణము సరిగా జరుగనపుడు, పిండము ఏర్పడక మావి కణములు ద్రాక్షగుత్తి వలె ఉబ్బి పెరుగుతాయి. దీనినే ముత్యాల గర్భము అంటారు. దానిని శుభ్రపరచిన తరువాత కూడా, సంపూర్ణ ముత్యాల గర్భము అయితే నూటికి పదిహేను నుండి ఇరువది మందిలో ఆ కణములు మిగిలి పెరుగవచ్చును. కొందరిలో ఊపిరితిత్తులకు, మెదడుకు వ్యాపించవచ్చును. ఆ కణములు ఎక్కడ దాగి ఉన్నా హెచ్.సి.జి. విడుదల చేస్తాయి. అందువలన విలువ మామూలయ్యే దాకా వారము వారము, ఆపైన సంపూర్ణ ముత్యాల గర్భమయితే ఆరు నెలల పాటు నెల నెలా పరీక్ష చేయాలి. ఆ కాలములో మళ్ళీ గర్భము రాకుండా జాగ్రత్తపడాలి. గర్భము వస్తే విలువ పెరిగి, వ్యాధిని కనిపెట్టలేము.

నా వద్దకు వచ్చిన ఒక ఇరువది రెండేళ్ళ అమ్మాయి అత్తగారు, ‘కడుపు శుభ్రం చేసేశారు కదండీ డాక్టరుగారూ, ఇంకా వారం వారం ఈ రక్తాలెందుకండీ, పిల్ల పాలిపోతోంది’ అని విసుగుకున్నారు. కారణము వివరిస్తే ఆవిడే తరువాత ప్రతి వారము కోడలిని బస్సులో తీసుకొని వచ్చేవారు. మొదట వేలలో ఉన్న విలువ తొమ్మిది వందల దాకా దిగి, అక్కడే మూడు వారములు నిలిచిపోయింది. అమ్మాయికి ఏ బాధా లేదు. స్కానింగులో ఏమీ లేదు. ఆ నిలిచిపోవుటే వ్యాధి మిగిలి ఉన్నదనుటకు నిదర్శనము. మెథోట్రెక్సేటు ఇచ్చారు. విలువ మామూలయింది, గర్భాశయము నిలిచింది. తరువాత రెండేళ్ళు దాటాక బిడ్డను ఎత్తుకొని వచ్చి చూపించింది.

ఈ మందు వెనుక మన తెలుగువాని చేయి ఉన్నది. భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించినపుడు ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన రసాయనములు అక్కడ తయారయ్యాయి. మెథోట్రెక్సేటు ఆ కోవలోనిదే. ఆయన 1948లో కన్నుమూశారు. 1956లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మందుతో, మావి కణముల నుండి పుట్టి వ్యాపించిన కర్కటవ్రణములను నయము చేశారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైనా హెచ్.సి.జి. మిగిలి ఉంటే వ్యాధి మిగిలి ఉన్నట్లేనని లీ పట్టుబట్టి మందు కొనసాగించారు. మందులను వృథాగా ఇస్తున్నాడని ఆయనను ఆ సంస్థ నుండి పంపివేశారు. ఆయన చెప్పినదే నిజమని కాలము తేల్చింది. 1972లో లాస్కర్ పురస్కారము దక్కిన వారిలో ఆయన కూడా ఉన్నారు. మందులతో నయమైన మొదటి గట్టి కర్కటవ్రణము ఇదే.

ఆ సూచిక అంతగా పనిచేయుటకు కారణము ఉన్నది. గర్భము లేని స్త్రీలో అది ఇంచుమించు ఉండనే ఉండదు. మిగిలిన వ్యాధికణములన్నీ దానిని విడుదల చేస్తాయి. విలువను బట్టి చేయదగిన చికిత్స చేతిలో ఉన్నది. ఏ సూచికనైనా ఈ మూడు ప్రశ్నలతో తూచి చూడండి. దాని బలము, బలహీనత మీకే తెలుస్తాయి.

రక్తములో జాడ దొరకని వ్యాధులు

మన దేశపు స్త్రీలలో రొమ్ము కర్కటవ్రణము తరువాత ఎక్కువగా కనిపించేది గర్భాశయ ముఖద్వారపు కర్కటవ్రణము. దానిని ముందుగా కనిపెట్టే రక్తపరీక్ష లేదు. అక్కడి నుండి దూదిపుల్లతో గాని, చిన్న కుంచెతో గాని తీసిన స్రావములో హెచ్.పి.వి. అనే వైరసు కోసము చేసే పరీక్ష, పాప్ పరీక్ష, ఎసిటిక్ ఆమ్లము పూసి చూచుట — ఇవే మార్గములు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో లక్షకు పైగా గ్రామీణ స్త్రీలపై చేసిన పరిశోధన ఫలితములు 2009లో వచ్చాయి. జీవితములో ఒక్కసారి చేసిన హెచ్.పి.వి. పరీక్షతో ఈ వ్యాధి మరణములు సుమారు సగమునకు తగ్గాయి. సి.ఏ. 125 లక్షలు పోసి సాధించలేనిది, ఒక దూదిపుల్ల పల్లెటూళ్ళలో సాధించింది. ముప్పది ఏళ్ళు దాటిన స్త్రీలు ఈ పరీక్ష చేయించుకోండి. మీ ఇంటి ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయించండి.

గర్భాశయపు లోపొర కర్కటవ్రణమునకు కూడా తొలి దశను పట్టించే రక్తపరీక్ష లేదు. దానికి ప్రకృతియే ఒక సూచికను ఇచ్చింది: ముట్లుడిగిన తరువాత కనిపించే రక్తము. ఒక్క చుక్కయినా సరే, స్కానింగులో లోపొర మందము చూపించుకోవాలి. అవసరమయితే ముక్క తీయించి పరీక్ష చేయించుకోవాలి. మొదట చెప్పిన రెండవ స్త్రీకి కావలసినది ఇదే. సి.ఏ. 125 పన్నెండు అన్న కాగితము ఆమె ప్రశ్నకు సమాధానము కాదు.

మీరు చేయదగినవి

కొద్ది రోజులుగా కొత్తగా మొదలై, వదలకుండా వేధించే కడుపు ఉబ్బరము, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రము రావడము — ఇవి నెలలో పన్నెండు సార్లకు మించి కలుగుతూ ఉంటే, ముఖ్యముగా యాభై ఏళ్ళు దాటిన వారు, గ్యాసు మాత్రలతో నెట్టుకొని రాక వైద్యులను కలవండి. అపుడు సి.ఏ. 125, స్కానింగు చేయించడము సముచితము.

మీ తల్లికో, అక్కచెల్లెళ్ళకో, మేనత్తకో అండాశయ కర్కటవ్రణము గాని, చిన్న వయస్సులో రొమ్ము కర్కటవ్రణము గాని వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యులకు చెప్పండి. వారి సలహాపై బి.ఆర్.సి.ఏ. జన్యుపరీక్ష గూర్చి ఆలోచించండి. పెళ్ళి సంబంధములకు అడ్డము వస్తుందని ఇటువంటి విషయములు దాచిపెట్టే ఇళ్ళు నాకు తెలుసు. ఆ జన్యువులో లోపమున్న స్త్రీకి, పిల్లలను కన్న తరువాత అండాశయములు, అండవాహికలు తీయించుకొనే అవకాశము ఉన్నది. దాచిపెడితే ఆ అవకాశము పోతుంది.

చికిత్స పొందుతున్న వారు ప్రతిసారి ఒకే ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోండి. పద్ధతులు మారితే విలువలు మారుతాయి. ఫలితములను తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉంచండి. ఏ బాధా లేనపుడు ప్యాకేజీలో కలిసి వచ్చింది కదా అని ట్యూమర్ మార్కర్లు చేయించుకోవద్దు. ఎవరైనా ఈ పరీక్ష వ్రాస్తే, ‘దీని ఫలితమును బట్టి మీరు ఏమి చేస్తారండీ?’ అని మర్యాదగా అడగండి. మంచి వైద్యులు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. కూర్చోబెట్టి సమాధానము చెబుతారు.